దీపం యాళ్లకు వచ్చినోడు

గడప కాడ కాదు శంకరవ్వా, జర లోపలికి రా. ఇట్ల దగ్గెర కూసో. భజనల నలుగురు కూసుంటే గీ జానకీబాయి గంటలకు గంటలు చెప్పేది. ఇయ్యాల నీ ఒక్కదానికే చెప్త. నడుమల లేవకు. ఆంజనేయసామి మీద ఒట్టు, ఒక్క ముక్క దాయ.

నీ కొడుకు పర్శరాములును నాలుగు నెలల నుంచి గడప తొక్కనిస్తలేవట. భీవండి నుంచి దసరకు వస్తే బువ్వ గూడ పెట్టలేదట. ఎందుకు? చిన్నమ్మ రాసిన చిట్టి వాడే బయటపెట్టిండని. వాడు పెట్టలే శంకరవ్వా.

నీ చెల్లె సత్తమ్మ నాలుగు నెలల కింద గా బేస్తారం గీ కుర్చీలనే కూసున్నది. చేతులకు కండెల దారం పీసులు అంటుకోని ఉన్నయి. సిరిసిల్లకు ఇంటర్నెట్ వచ్చి ఏడాది గూడ కాలే, మా ముందటి అర్రలనే దుకాణం. ఆమె చెప్పింది, నేను నీ కొడుకుకు చిట్టి కంప్యూటర్ల కొట్టి పంపిన.

"పర్శరాములూ, మీ చిన్నాయిన పానం తీస్తుండు. వచ్చి నన్ను తీస్కపో. ఎవ్వలకు చెప్పకు."

గంతే. పోస్టుల వేస్తే మొగడు రాయమల్లు చేతుల పడ్తదని భయం. కంప్యూటర్లకెల్లి పోతే ఎవ్వలకు తెల్వదు గదా బాయమ్మా అని రెండుసార్లు అడిగింది. తెల్వదన్న. ఐతారం వస్తనని వాడు జవాబు గూడ పంపిండు.

మా కంప్యూటర్ బాగుజేసే కొండల్ దానికి ఒక కావలి పెట్టి పోయిండు. ఫైర్‌వాల్ అంటరు. ఫోను తీగె కలిపినమంటే మన ఇంటి తొవ్వ లోకమంతటికి తెరిచినట్టేనట. ఎవడన్న జొరవడబోతే అది తెర మీద చిన్న డబ్బ చూపిచ్చి అడుగుతది, రానియ్యాల్నా వద్దా అని. ఎరుగనోడైతే వద్దనే నొక్కు బాయమ్మా, పని ఆగినా సరే అని ఒకటికి పదిసార్లు చెప్పిండు.

శుక్రారం దీపం ముట్టిచ్చిన యాళ్ల గా డబ్బ వచ్చింది. మన ఇండ్లల్ల గా యాళ్లకు తలుపు మూస్తమా? వాకిట్లకు వచ్చినోళ్లను పో అంటమా? లచ్చిమి వచ్చే జాము. నాకు చెయ్యి రాలే. రమ్మని నొక్కిన.

జరసేపటికి నేను ముట్టకుండనే తెర మీద బాణం కదిలింది. కుర్చి ఖాలి. మౌసు బల్ల మీద ఊకనే ఉన్నది. బాణమేమో మెల్లగ, చీకట్ల ఎతుకుతున్న చెయ్యి లెక్క పోతున్నది. తీగె పీకేసిన్ననుకున్నవా? వాడకట్టుకు ఉరికి అందరిని పిలిచిన. సామి నడిపిస్తుండు, చూడుండ్రి అన్న. పదిమంది జమైనరు. జనం జూస్తే నాకు ఉషారు, నీకెరికే. కర్పూరం ముట్టిచ్చి హారతి పట్టిన.

బాణం సత్తమ్మ చిట్టి తెరిచింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టిన గదా, జమైనోళ్లకు చదువరాదు. నాకొచ్చు. కంప్యూటర్ల నేను రాసిపెట్టుకున్న పేర్లన్నిటికి చిట్టి పోవుడు షురువైంది. అండ్ల రాయమల్లు బట్ట నేసే సాంచాల సేటు పేరు గూడ ఉండె. అంతా చూసుకుంటనే ఉన్న. సామి ఆమె మొర విన్నడు, పెద్దమనుషులకు చేరేస్తుండు అనుకున్న. హారతి దించలే.

తెల్లారి సేటు గా చిట్టిని కాయితం మీద అచ్చు తీపిచ్చి సాంచాల నడుమ నిలవడి నవ్వుకుంట చదివిండు. రాయమల్లు అక్కడనే ఉన్నడు. గా పొద్దు ఇంట్ల ఏమైందో నీకు తెలుసు. ఐతారం నీ కొడుకు బస్సు దిగేసరికి సత్తమ్మ లేదు. చెప్పులు గూడ గడప కాడనే ఉన్నయి. కొండగట్టు మెట్ల మీద చూసినమని ఒకలు, జమ్మికుంట స్టేషన్ల చూసినమని ఒకలు. ఎవ్వల మాటా నిజం కాలే.

కొండల్ వచ్చి చూసి తల పట్టుకున్నడు. జొరవడ్డోడు ఏ దేశపోడో, సత్తమ్మ ఎవ్వలో గూడ వానికి తెల్వదు, తెరిచున్న ఇండ్లల్ల జొరవడుడే వాని ఆట అన్నడు. ఎవ్వలకు చెప్పకు కొండలూ అని చేతులు పట్టుకున్న. చిట్టి మీద పేరు జూసి నీ కొడుకే పంచిండని వాడకట్టంతా తిడుతుంటే భజనల తాళం కొట్టుకుంట విన్న.

ఇప్పుడు కంప్యూటర్ బంద్ జేసి బట్ట కప్పిన. అయినా గా అర్రలకు పోతే బట్ట కింద ఇంకా ఏదో ఎతుకుతున్నట్టే ఉంటది.

లేస్తున్నవా? తిట్టబుద్దైతే తిట్టు, కానీ ముందుగాల కొడుకుతోని మాట్లాడు, నంబరు నేనే కలుపుత. అటెన్క సాంచాల కాడ, బోరింగు కాడ, నలుగురు గూడిన కాడల్ల ఒక్కటి చెప్పు. మర్శిపోకుండ, మళ్ల మళ్ల చెప్పు. ఎరుగనోడు అడిగితే రమ్మన్నది జానకీబాయి. సత్తమ్మ బతుకు వాడు ఊరంత పంచుతుంటే దండం పెట్టింది జానకీబాయి. పేరు పెట్టే చెప్పు శంకరవ్వా.