ఏమప్పా అన్నందుకు

హలో… హలో… ఆ, నేనే బావా, శేషన్నను. కర్నూలు నుంచి… మన వకీలు ఇంట్లో ఫోనుండాది, ఆడ్నుంచే.

ఎస్సై మీద నేనేసిన కేసా? శానా బాగుండాది. తీర్పు రేపు… అవు, రేపే.

ముందిది విను, నవ్వుతావు. ఈ పొద్దు ఎస్సైని బోనెక్కించినారు. శేషన్నను లాకప్పులో వేసి ఎందుకు కొట్టినావని మన వకీలు అడిగినాడు. ఏమన్నాడనుకుంటావు?… కాదు. సంతలో అందరి ముందర ఆయన్ని 'ఏమప్పా' అన్నానంట… అవు బావా, అదే నేరం. కోస్తా దిక్కు సర్కారు జిల్లాల మనిషి గదా, అదేదో తిట్టనుకున్నాడు.

జడ్జీ దొరా? ఆయనది మన సీమే. కండ్లద్దాలు తీసి, 'మా ఇంట్లో నన్ను అందరూ అట్లనే పిలుస్తారు, వాళ్లనూ లోపలేస్తావా ఏమప్పా?' అన్నాడు… నవ్వు, నవ్వు. కోర్టంతా నవ్వింది, బంట్రోతుతో సహా.

…ఏందీ?

రాజీనా? ఎవరు చెప్పినారు నీకు?… ఎస్సై నీ అంగడికొచ్చినాడా… ఆ. క్షమాపణ చెప్తాడు, కేసు వాపసు తీసుకోమంటాడు. ఈడ వాళ్ల వకీలూ అదే పాట.

లేదు బావా, కోపమెప్పుడో పోయింది. రాజీ పడితే కాగితం మీద ఏమీ మిగలదు. తీర్పొస్తే రికార్డులో ఉంటాది. ఎవురైనా అర్జీ పెట్టుకొని నకలు తీసుకోవచ్చు. రేపు ఆయన ఇంకొకణ్ణి కొడితే, వాడు ఆ నకలు చూపిస్తాడు, 'ఈయన సంగతి ముందే రాసుండాది దొరా' అని—

తెలుసు. నువ్వు ఆ ఊర్లోనే యాపారం చేసుకోవల్ల. అక్క భయపడతాదనీ తెలుసు. పెద్దోడివి, నీ మాట తీసెయ్యను. రాజీకి సంతకం పెట్టమంటే పెడతా. చెప్పు.

…హలో? బావా, ఏమంటివి?

ఏందీ, కొట్టినాడా…

ఆ ఎస్సై నిన్ను గూడానా?… యాడ?… అంగట్లోనే, బేరగాళ్ల ముందరనా… చెప్పు, వింటాండా… చెంప మీద… అక్కకు తెల్దా? అయ్యో బావా. ఇన్నాళ్లూ ఎట్ల మింగుకొని కూర్చున్నావు…

ఉండు తల్లీ ఆపరేటరమ్మా, ఒక్క మాట, లైను తీయొద్దు— బావా, బిరీన చెప్పు. సంతకం పెట్టేదా?

ఆ?… మళ్లా చెప్పు, గట్టిగా… వద్దా?

అట్లన్నావు, బాగుండాది. పొద్దున్నే మొదటి బస్సెక్కు. నీ అర్జీ కూడా ఈ వకీలు చేతనే రాయిద్దాం.

అక్కకేమని చెప్పల్లనా? నిజమే చెప్పు. ఆమె భయమంతా నీ మీద చెయ్యి పడిందని తెలిసేదాకనే, చెప్పినాక మాత్రం ఆమెను ఠాణా దిక్కు పోనీయొద్దు. ఆ ఎస్సై తీర్పు దాకన్నా బతికుండల్ల గదా… హలో?… బావా?…