ఎడమవైపు బల్ల

నా పేరు మీరు పైన రాసుకున్నారు. చర్చిలో మాత్రం అందరూ దర్జీ పెద్దమ్మ అంటారు. వయసు యాభై ఎనిమిది. బట్టలు కుడతాను. భర్త పోయారు. కొడుకు, కోడలితో ఉంటాను. నా మీద మీ స్టేషనులో ఫిర్యాదు ఇచ్చినవాడు పరాయివాడు కాదు, నా సొంత మరిది, చర్చి కమిటీ కార్యదర్శి. నేను చర్చి బల్ల దొంగిలించానని, ఆరాధన చెడగొట్టానని రాసిచ్చాడట.

మా చర్చిలో ముందువైపు కుడిపక్క మెట్లెక్కి నిలబడే పుల్పిట్ ఉంది. అక్కడ పాస్టరుగారు ప్రసంగిస్తారు, ఇంకెవరూ ఎక్కకూడదు. ఎడమవైపు, కింద నేల మీద, బైబిలు పెట్టి చదివే ఏటవాలు బల్ల ఉండేది. అక్కడ ఎవరైనా చదవవచ్చు, ఆడవాళ్లు కూడా. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేను అక్కడే చదువుతున్నాను. దాని మీద పరిచే ఎర్రగుడ్డ కుట్టింది కూడా నేనే.

మొన్న ఆదివారం నా కోడలు మొదటిసారి చదవాలి. వారమంతా నా కుట్టుమిషను పక్కన కూర్చుని పైకి చదివి నేర్చుకుంది. ఉదయం ఎనిమిదిన్నరకు మేమిద్దరం చర్చికి వెళ్లాం. బల్ల లేదు. ఆ చోట ప్లాస్టిక్ పూల కుండీ ఉంది. వెతికితే వెనక రేకుల షెడ్డులో, నీళ్ల డ్రమ్ము పక్కన దొరికింది. దాని మీద చీపుళ్లు పడేసి ఉన్నాయి. నా ఎర్రగుడ్డతో ఎవరో నేల తుడిచారు. నేల తుడిచారండీ.

మరిదిని అడిగాను. "చోటు ఇరుగ్గా ఉంది వదినా. ఇకనుంచి పుల్పిట్ ఒక్కటే చాలనుకున్నాం" అన్నాడు.

"అయితే పిల్ల పుల్పిట్ ఎక్కి చదవాలా?"

"బాగుంది వదినా! అది అయ్యగారి చోటు కదా. ఆడవాళ్లు ఎట్లా ఎక్కుతారు?"

"మరి ఎక్కడ నిలబడి చదవాలి?"

"ఆడవాళ్లు చదవద్దని మేమేమైనా అన్నామా?"

అనలేదు. ఆ మాట నిజం. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది.

నేనూ కోడలూ బల్లను చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చాం. మరిది గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అందుకని వరండాలోనే, గుమ్మానికి ఎదురుగా దించాం. వాక్యం చదివే సమయానికి పాస్టరుగారు పుల్పిట్ మీద బైబిలు తెరిచారు. "చదువమ్మా" అన్నాను. కోడలు మొదటి మాట మెల్లగా చదివింది. రెండోది లోపలిదాకా వినబడేలా చదివింది. మా చర్చిలో వాక్యం చదువుతుంటే అందరూ లేచి నిలబడతారు. లేచారు. లేచి, గుమ్మం వైపు తిరిగారు. దాన్నే ఆరాధన చెడగొట్టడం అంటున్నాడు. తిరగమని నేను ఎవరికీ చెప్పలేదు.

మరిది వచ్చి బల్లను లాగబోయాడు. "చదవడం అయ్యేదాకా చెయ్యి తియ్యి" అని నేను బల్లను రెండు చేతులా పట్టుకున్నాను. అతన్ని నెట్టలేదు. బల్ల చర్చి ఆవరణ దాటలేదు. దాటనిదాన్ని దొంగిలించడం ఎట్లాగో అతన్నే అడగండి. నేను ఇంటికి తీసుకుపోయింది ఎర్రగుడ్డ ఒక్కటే, ఉతకడానికి. అది దొంగతనమైతే రాసుకోండి.

ఎవరి బలవంతమూ లేకుండా ఇదంతా చెప్పాను. రాసింది నాకు చదివి వినిపిస్తానని రైటరుగారు అన్నారు. వద్దన్నాను. లేచి నిలబడి, ఆయన బల్ల మీద కాగితం పెట్టుకుని, స్టేషనంతా వినబడేలా నేనే చదివాను. ఒక్క మాటా తప్పు లేదని ఈ చివరి ముక్క నా చేత్తో రాసి సంతకం పెడుతున్నాను.

(సంతకం)