ఎత్తు కుర్చీ వంతు

అది కాదమ్మా, నేనెప్పుడు ఇవ్వనన్నాను? వదిన మొహం మాడ్చుకుంటుందని ఎవరు చెప్పారు నీకు? ముందు లోపలికి రా. చంటిదాన్ని ఇలా మంచం మీద పడుకోబెట్టు.

అదిగో, కిటికీ దగ్గర, మీ ఎత్తు కుర్చీ. మీ తాతయ్య చేయించింది, మీ నాన్న కూర్చున్నది. ముందు పలక మీద ఆ పంటిగాట్లు నీవేనట, అత్తయ్య చెప్పి మురిసిపోతారు.

కింద చీల లాగితే కాళ్లు మడతపడి చక్రాల బండి అవుతుంది. నాకు తెలీదా? నడకొచ్చిన పిల్లాడు ఆ బండిని తనే తోసుకుంటూ గడప దాటించాలి, అందరూ చప్పట్లు కొట్టాలి, అప్పుడు కుర్చీ తర్వాతి ఇంటికి. మీ ఇంటి పద్ధతే కదా!

మరి మావాడికి ఐదేళ్లొచ్చాయి, ఇంకా అడుగు పడలేదు. ఎవరిని కొట్టమంటావు చప్పట్లు?

అయ్యో, కళ్లు తుడుచుకుంటావేం? నీ తప్పేముంది? నీ బిడ్డ ఇప్పుడిప్పుడే కూర్చుంటోంది, నీ ముచ్చట నీది.

"వాడికి ఇరుకైపోయింది, ఇంకా ఎందుకు" అన్నారు అత్తయ్య ఫోన్లో. ఇరుకే! ఆ ఇరుకే కదా వాణ్ణి కూర్చోబెడుతోంది! పెద్ద కుర్చీలో వేస్తే గోనెసంచిలా పక్కకి ఒరిగిపోతాడు. ఇందులోనైతే రెండు పక్కలా చెక్క పట్టుకుంటుంది, మెడ నిలుస్తుంది. రోడ్డు మీద బస్సు కనిపిస్తే చాలు, ఒకటే కేకలు. ఇదిగో, మళ్లీ అరిచాడు, విన్నావా?

ఆస్పత్రి వాళ్లు కొలతలు తీసుకున్నారులే. వాడికి తగ్గ కుర్చీ వస్తుందట. ఎప్పుడంటే... వచ్చినప్పుడు. మీ అన్నయ్యనడిగితే ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోతారు.

కొత్తది కొనుక్కోకూడదా అని నోటిదాకా వచ్చింది. నిజం చెబుతున్నా, వచ్చింది. మింగేశాను. కుర్చీ ఉంచుకుంటానంటే ఏమిటి అర్థం? మావాడిక నడవడని నా నోటితో నేనే అన్నట్టు కాదూ? ఇచ్చేస్తే రేపు వాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టను? ఎటు చూసినా గోడే నాకు.

తీసుకెళ్లు తల్లీ. నీ వంతు నీది, నేను అడ్డురాను.

కాకపోతే ఒక్క పని చెయ్యి. మేనత్త వచ్చిందని చూడు ఎలా నవ్వుతున్నాడో. అందులోంచి వాణ్ణి నువ్వే దింపు.

నాకు చేతులు రావడం లేదు.