ఓడ ఫారంలో తొమ్మిదో ప్రశ్న

ఆదివారం మధ్యాహ్నం. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరు. బ్రేకు పలకలు సానపట్టే కార్మికుడు, అతని భార్య, ఇన్సూరెన్సు ఏజెంటుగా తిరిగే ఆమె తమ్ముడు ఒకే బల్ల ముందు కూర్చున్నారు. బల్ల మీద ఓడ ప్రయాణానికి తీసుకోవలసిన బీమా ఫారం.

"ఎనిమిది అయింది బావా. ఇప్పుడు తొమ్మిది."

"ఎనిమిదోది ఇంకోసారి చదువు."

"మూడుసార్లు చదివాను. మోకాళ్ళ నొప్పులున్నాయా అంటే లేవన్నావు, లేవని రాశాను. తొమ్మిది. 'ఊపిరితిత్తులకు సంబంధించి ఇదివరకు ఏదైనా...'"

"మంచినీళ్ళు ఇలా ఇవ్వు."

"ఇప్పుడే కదండీ తాగారు."

"మళ్ళీ దాహమైంది. దాహానికి కూడా ఫారం నింపాలా?"

"వాడు మీకోసం ఎండలో పడి వచ్చాడు. తిన్నగా జవాబు చెప్పొచ్చుగా."

"నాకోసం కాదు, కమీషను కోసం. మీ తమ్ముడు ఎండలోకి దిగాడంటే ఆ వీధిలో ఎవడో ఒకడు సంతకం పెట్టాల్సిందే."

"అను బావా, అను. పెళ్ళినాటి నుంచీ అంటూనే ఉన్నావు. మా అక్కని ఓడ ఎక్కిస్తున్నావు కాబట్టి ఇవాళ ఊరుకుంటున్నా. తొమ్మిది."

"అసలు ఈ బీమా లేకుండా వెళ్ళలేమా?"

"యాభై అయిదు దాటినవాళ్ళని బీమా లేకుండా ఓడ ఎక్కనివ్వరు. నీకు యాభై ఏడు."

"నాలుగు రోజులు. వెళ్ళడం, నీళ్ళు చూడడం, రావడం. దానికి ఇంత పుస్తకమా?"

"సముద్రం మధ్యలో ఊపిరాడలేదనుకో. ఓడలో డాక్టరు చెయ్యి పట్టుకుంటేనే నీ జీతం సరిపోదు. హెలికాప్టరు పిలిచారా, ఇక నువ్వు గాల్లో ఉండగానే అక్క ఇక్కడ రోడ్డు మీదుంటుంది."

"ఊపిరాడకపోవడమే ఎందుకు చెప్తావు? కాలు జారొచ్చుగా."

"సరే, కాలే జారింది. కాలుది ఆరో ప్రశ్న, అయిపోయింది. మనం తొమ్మిదిలో ఉన్నాం."

"వెళ్ళకపోతేనో?"

"అదేం మాటండీ? సూట్‌కేసు కొన్నాను. పక్కింటి లారీ డ్రైవరు భార్యకి చెప్పాను, ఆవిడ ఈపాటికి లైనంతా చెప్పేసి ఉంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసుకి కంపెనీ ఇచ్చిందల్లా ఈ రెండు టికెట్లే. ఈ ఏడే వెళ్ళాలి."

"ఇచ్చిందిలే. దుమ్ము లాగే గొట్టం పాడైంది, బాగుచెయ్యండయ్యా అని పదేళ్ళుగా అడుగుతున్నాం. అదివ్వలేదు, ఓడిచ్చారు. గొట్టం కన్నా ఓడ చవకేమో."

"మళ్ళీ గేటు మీటింగు మొదలుపెట్టకండి."

"మీటింగు పెడితే టీ అయినా దొరుకుతుంది. ఇక్కడ మంచినీళ్ళకే లెక్చరు."

"బావా, నీకంత మంట ఉంటే, మీ ఓడ నాకొద్దు అని రాసిచ్చెయ్యి."

"రాసివ్వాలంటే కారణం రాయాలి. టికెట్టున్న మనిషికి ఒంట్లో బాగాలేకపోతే తప్ప వాళ్ళు ఒప్పుకోరు. ఆ ముక్క రాశానా, సోమవారం కంపెనీ డాక్టరు ముందు నిలబెడతారు. అక్కడ ఏదైనా తేలితే మంగళవారం ఈ ఇంటి తాళం అడుగుతారు."

"తేలడానికి ఏముంది? నువ్వు బాగానే ఉన్నావుగా."

"ఊఁ."

"ఊఁ ఏమిటి?"

"ఏవండీ, వాడు అడుగుతున్నాడు."

"వినబడింది. నాకు చెవుడు లేదు. అది ఎన్నో ప్రశ్న?"

"నాలుగు. చెవుడు లేదనే రాశాను."

"ఒరేయ్, నేను చెప్తా, రాసుకో. ఈయనకి దగ్గుంది."

"నువ్వుండు."

"ఉండను. గోడవైపు తిరిగి, నోట్లో తువ్వాలు కుక్కుకుని దగ్గుతారు. నాకు నిద్ర పట్టిందనుకుంటారు. మంచం ఊగుతుంటే నిద్రెలా పడుతుంది?"

"చలికి వచ్చింది."

"ఈ ఎండల్లో చలేమిటి బావా?"

"పోయిన చలికి."

"పోయిన చలికాలం దగ్గు ఇంకా పోలేదంటే అది చలి దగ్గు కాదు. సరే, ఇందులో ఇంత నాన్చుడెందుకు? 'ఉంది' అని రాసేస్తున్నా. నిజం రాస్తే కాస్త ఎక్కువ కట్టాలి, అంతే. దాచితేనే చిక్కు. నా దగ్గరికొచ్చిన ప్రతివాడికీ చెప్పే మొదటి మాట అదే. ఏజెంటు దగ్గర దాచకండి అని."

"ఆ పెన్ను ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఇవ్వరా."

"అరె, లాక్కుంటావేం బావా? చిన్నపిల్లాడివా?"

"పెన్ను తరవాత. 'ఉంది' అని రాస్తే ఏమవుతుందో ముందు చెప్పు."

"ఏమవుతుంది? బీమా వాళ్ళు మీ కంపెనీకి ఉత్తరం రాస్తారు. ఏటా మీ గేటు దగ్గరికి ఎక్స్‌రే వ్యాను వస్తుందిగా, ఆ ఫిలింలు పంపమంటారు. చూస్తారు. శుభ్రంగా ఉంటే మామూలు దగ్గే అనుకుని బీమా ఇచ్చేస్తారు."

"శుభ్రంగానే ఉంటాయి. అద్దంలా ఉంటాయి."

"మరింకేం?"

"అవి నావి కావు."

"నీవి కాకపోవడమేమిటి?"

"నెంబరు నాదే. చొక్కా నాదే. చొక్కాలో మనిషి నేను కాదు."

"ఏవండీ, ఏం మాట్లాడుతున్నారు?"

"తెలుగే మాట్లాడుతున్నా. సాన షాపులో పన్నెండు మందిమి. ఆ పలకలు సానపడితే పీచు దుమ్ము లేస్తుంది. కంటికి ఆనదు, లోపలికి మాత్రం పోతుంది. వ్యాను వచ్చిన రోజు మాలో మంచి ఛాతీ ఉన్నవాడు ఒకడు నిలబడతాడు. చొక్కా మీద నెంబరు కుట్టి ఉంటుంది కదా, వ్యానులో వాడు నెంబరు చూస్తాడు, మొహం చూడడు. భోజనం గంట కొట్టేలోపు ఫ్యాక్టరీ మొత్తాన్ని తీయాలి, వాడి తిప్పలు వాడివి. మేం మరుగుదొడ్ల వెనక చొక్కాలు మార్చుకుంటాం. ఆ ఒక్కడే పన్నెండుసార్లు లోపలికి పోయి వస్తాడు."

"పన్నెండుసార్లా? ఎవడా మొనగాడు?"

"పదమూడేళ్ళు నేనే."

"మీరా?"

"షాపులో నన్ను అద్దం అని ఎందుకు పిలుస్తారనుకున్నావు?"

"బట్టతల చూసి అనుకున్నాను."

"అందరూ అలాగే అనుకోవాలనే మేమూ ఊరుకున్నాం."

"ఎందుకు బావా ఇంత నాటకం? ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందని తేలితే వైద్యం చేయిస్తారుగా."

"నువ్వు ఏ ఊళ్ళో ఉన్నావురా? మచ్చ కనబడితే గొట్టం బాగుచేస్తారనుకున్నావా? మనిషిని తీసేస్తారు. పనికిరాడు అని కాయితం, ఒక నెల జీతం, ఇల్లు ఖాళీ. నా కళ్ళముందు నలుగురు అలా పోయారు. వాళ్ళలో ఇద్దరు ఏడాది తిరక్కుండానే ఊపిరాడక చచ్చిపోయారు. వాళ్ళది మచ్చని కనిపెట్టే వ్యాను కాదు, మనిషిని ఏరిపారేసే వ్యాను. మేమూ చొక్కాలు మార్చాం."

"ఇప్పుడెవరు నిలబడుతున్నారు?"

"రెండేళ్ళుగా క్రేను నడిపే అతను. పైన అద్దాల గదిలో కూర్చుంటాడు, దుమ్ము తగలదు. నా ఛాతీ పనికిరాకుండా పోయింది. నది అవతల ప్రైవేటు డాక్టరు దగ్గర తీయించుకున్నా. రెండువైపులా మచ్చ ఉంది."

"రెండువైపులా."

"అలా చూడకు. ఇంకా నడుస్తున్నానుగా. ఏరా, నీకేమైంది? ఫారం వదిలేసి గోడకేసి చూస్తావేం?"

"బావా. పన్నెండు మంది అన్నావు."

"అన్నాను."

"ఆ పన్నెండు మందికీ జీవిత బీమా చేసింది నేనే."

"తెలుసు."

"మీ కంపెనీ ఇచ్చిన ఫిలింలే ఫైళ్ళకి జతచేశాను. ఒక్కో ఫైలుకి ఒక్కో ఫిలిం."

"తెలుసు."

"అన్నీ నీ ఛాతీయేనా?"

"అన్నీ కాదు. ఈమధ్యవి రెండు మూడు క్రేను అతనివి."

"నవ్వకు బావా. సాన షాపులో ఒక్క రోగిష్టి లేడని మా మేనేజరు నాకు షీల్డు ఇచ్చాడు. ముందు గదిలో పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళకి చూపిస్తాను."

"నా పక్కటెముకలకి ఇచ్చారన్నమాట షీల్డు. ఒకరోజు మా ఇంట్లో పెట్టు."

"నీకు వేళాకోళంగా ఉంది. 'ఉంది' అంటే నీ ఫిలింలు తెప్పిస్తారు, ఎవడైనా వాటిని మిగతా పదకొండు మందివాటి పక్కన పెట్టి చూశాడా, అన్నీ ఒకే ఛాతీ అని తేలి నా లైసెన్సు పోతుంది. నేను పోతాను. ఏరోజూ చెప్పలేదేం?"

"ఏజెంటు దగ్గర దాచకూడదని తెలియదు మరి."

"బావా."

"ఇదిగో పెన్ను. రాయి. ఉంది అని రాస్తానన్నావుగా."

"లేదు అని రాస్తాను."

"నిజం రాస్తే కాస్త ఎక్కువ కడితే చాలన్నావు."

"నాకూ పిల్లలున్నారు బావా. లేదు అనే రాద్దాం."

"ఒరేయ్, లేదు అని రాస్తే ఏమవుతుందో అదీ చెప్పు."

"ఏమీ అవదక్కా. ఓడలో బావకి ఊపిరి ఆడుతూ ఉంటే ఏమీ అవదు."

"ఆడకపోతే?"

"అప్పుడు తవ్వుతారు. నది అవతల డాక్టరు చీటీ బయటికొస్తుంది. దాచావు కాబట్టి దమ్మిడీ కూడా ఇవ్వం అంటారు."

"అంతేనా?"

"అంటే... అడుగున ఇంకో ముక్క ఉంది. 'నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నానని ప్రకటిస్తున్నాను', సంతకం. రేపు బావ కంపెనీ మీద నష్టపరిహారం కేసు వేశాడనుకో, ఈ కాయితమే మొహాన కొడతారు. ఆరోగ్యంగా ఉన్నానని నువ్వే రాశావుగా అని."

"విన్నావా? ఉంది అంటే పన్నెండు మంది గేటు బయట. లేదు అంటే నేను చచ్చేదాకా నోరెత్తలేను. వెళ్ళనంటే కంపెనీ డాక్టరు. బీమా లేకుండా వెళ్తానంటే ఓడ ఎక్కనివ్వరు. ఇంకో గడి ఏదైనా ఉందా రా నీ ఫారంలో?"

"రెండే గడులు."

"మనలాంటివాళ్ళకి మూడో గడి ఎవడు పెడతాడులే."

"సెలవు దొరకలేదంటేనో?"

"సెలవు వాళ్ళే మంజూరు చేసి గోడకి అంటించారు."

"కాలు విరిగిందంటే?"

"విరగ్గొడతావా?"

"అబ్బే, మాటవరసకి."

"మాటవరసకి అంటూ నా కాలికేసి చూస్తావేం?"

"అక్కా, నువ్వూ ఏదైనా అను."

"వింటున్నాను."

"ఓడ పోయిందని దిగులుపడకు. బస్సులో తీసుకెళ్తాను. ఒడ్డున నిలబడి చూసినా అవే నీళ్ళు."

"ఓడ మాట నేనెత్తానా ఇప్పుడు? పదమూడేళ్ళు. నాతో ఒక్క ముక్క అనలేదు మీరు."

"అంటే ఏం చేసేదానివి?"

"ఏదో ఒకటి చేసేదాన్ని. ఊరికే కూర్చునేదాన్ని కాదు."

"షాపులో మాట ఇంటికి తీసుకెళ్ళకూడదని పన్నెండు మందిమీ అనుకున్నాం."

"నిజమే. మాట తీసుకురాలేదు."

"అంటే?"

"ఏమీ లేదు. ఒరేయ్, రెండో పేజీ తియ్యి."

"అది నీ పేజీ అక్కా. నీకేముంది, అన్నిటికీ లేదు, లేదు అని ఇంటి దగ్గరే నింపుకొచ్చాను."

"తొమ్మిదోది కొట్టెయ్యి."

"ఎందుకు? ఇద్దరికీ కలిపి ఒకటే ఫారం. కొట్టివేతలుంటే వెనక్కి పంపేస్తారు."

"పంపనీ. కొట్టేసి, ఉంది అని రాయి."

"ఉంది అనా? నీకా?"

"కంపెనీకి ఉత్తరం రాసుకోమను. నా నెంబరు వాళ్ళ దగ్గరుండదు. నా ఫిలిం వాళ్ళ బీరువాలో ఉండదు. నన్ను ఏ ఉద్యోగంలోంచి తీసేస్తారు? ఆ పన్నెండు మంది పేరెత్తకుండా నేను ఒక్కదాన్నే నిలబడగలను. ఏవండీ, రేపు మీరు రాసివ్వండి, టికెట్టున్న మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు, ఓడ ఎక్కలేం అని. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు."

"ఆగు. నువ్వు ఏనాడూ ఆ గేటు కూడా దాటలేదు. నీకెందుకు ఉంటుంది? ఎవరు చెప్పారు నీకు?"

"ముప్పై ఏళ్ళు మీ చొక్కాలు పెరట్లో దులిపి ఉతికింది ఎవరు? మొన్న బుధవారం నేనూ నది దాటాను. ఆ డాక్టరు నా ఫిలిం వెలుతురుకి పెట్టి, చాలాసేపు చూసి, ఒకటే అడిగాడు. ఏ ఫ్యాక్టరీలో ఎన్నేళ్ళు పనిచేశావమ్మా అని."