పెట్టె పేరు దాచిన పైడమ్మ

పైడమ్మ మొగుడి పేరు పలకదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఒక్కసారీ పలకలేదంట. జనాభా లెక్కలవాళ్ళొచ్చి "మీ ఆయన పేరేంటమ్మా" అంటే రేషను కార్డు ముందుకి తోసేది. ఆస్పత్రిలోనూ అంతే, బ్యాంకులోనూ అంతే. ఆ కార్డు మీద ఉన్న పేరు దాలినాయుడు. ఆయన పోయి ఏడాది దాటింది, పిల్లల్లేరు, వీధి చివర రెండు గదుల ఇంట్లో ఆవిడొక్కతే అనుకోండి. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దానిమీదే ఉంది. ఆయన పోయేముందు ఇంట్లో వైఫై పెట్టె పెట్టించాడు. పెట్టెకో పేరుండాలి కదా, ఫోను తెరిస్తే చుట్టుపక్కల పెట్టెల పేర్లన్నీ వరసగా కనపడతాయి, మీరూ చూసే ఉంటారు. ఈయన తన పేరే పెట్టుకున్నాడు. తాళం, అంటే పాస్‌వర్డు, తన ఎడ్లజత పేర్లు కలిపి పెట్టాడు. ఆ ఎడ్లని ఊరంతా ఎరుగును. ఎరగనివాళ్ళని ఆయనే అరుగు మీద కూచోబెట్టి మరీ తాళం చెప్పాడంట.

ఆయన పోయాక కూడా అరుగు ఖాళీ అయిపోలేదు. సూరప్పడని ఒక ముసలాయన, రోజూ పదింటికల్లా వచ్చి ఫోనులో బుర్రకథ పెట్టుకునేవాడు. నెట్టు మెల్లిగా వస్తే "ఏటమ్మీ, ఈరోజు దాలినాయుడు నీరసంగా ఉన్నాడే" అనేవాడు. లోపల బియ్యం ఏరుకుంటున్న పైడమ్మ చెయ్యి ఆగిపోయేది. కోపమా అంటే కోపం కాదు. వినాలనీ ఉండేది, వినలేకా పోయేది. అలా రోజులు గడుస్తుంటే ఏమైందంటే, మరిది సత్యం వచ్చి పక్కూరి కబురొకటి చెప్పాడు. అక్కడెవరో ఒంటరావిడ నెట్టు వాడుకుని ఎవడో పాడు పని చేశాడంట, పోలీసులొచ్చి ఆవిడ గుమ్మం ఎక్కారంట. "నువ్వూ ఒంటరిదానివి వదినా, నీ పెట్టె పేరు దాచేస్తాను, నీ ఫోనుకి మాత్రం ఆ పేరు నేర్పేస్తాను, కనపడనిదాన్ని ఎవడు దొంగిలిస్తాడు" అన్నాడు. మరి తాళం మార్చక్కర్లేదా అని అడిగింది ఆవిడ. "గుమ్మమే కనపడనప్పుడు తాళంతో పనేటి" అన్నాడు వాడు. ఆవిడకీ అది హాయనిపించింది, ఎందుకంటే ఆ ఎడ్ల పేర్లు తీసెయ్యడానికి మనసొప్పలేదు. ఇదిగో, పొరపాటు ఇక్కడ జరిగింది. వేలు పెట్టి ఉంచండి, మళ్ళీ ఇక్కడికే వస్తాం.

మర్నాడు సూరప్పడొచ్చి ఫోను తెరిచాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "దాలినాయుడు లేడేటమ్మీ?" అన్నాడు. "లేరు" అంది పైడమ్మ. ఏడాదిలో ఆ మాట అనడం అదే మొదలంట. ముసలాయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి రోజు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పొద్దున్నే అరుగు ఊడిస్తే చీపురికి ఒక్క బీడీ ముక్క కూడా తగల్లేదు. మనిషి గొంతు వినపడుతుంది కదా అని టీవీ పెట్టుకుని వంట చేసుకునేది. పోనీ ఒంటరిగా ఉన్నా భద్రంగా ఉన్నాననుకుందామా అంటే, నెలంతా రావాల్సిన నెట్టు ఇరవయ్యో తారీకుకే అయిపోయింది. ఆవిడ వినేది రోజుకో అరగంట ప్రవచనం. మరి మిగతాదంతా ఎవరు వాడినట్టు? ఆవిడకి పక్కూరి పోలీసులు గుర్తొచ్చి, బస్సెక్కి టౌనులో నెట్టిచ్చే కేబులాఫీసుకి పోయింది.

అక్కడ ఝాన్సీ అని ఒకమ్మాయి, పెట్టెల పనంతా ఆ పిల్లదే. పైడమ్మ ఇంకా నోరు తెరవకుండానే "మీ పెట్టె పేరు దాచారా అమ్మా" అందంట. నీకెలా తెలుసమ్మా అంటే, కంప్యూటరు ఇటు తిప్పి చూపించింది. "మీరు మెట్లెక్కుతుంటేనే మీ ఫోను పిలుస్తోంది, చూడండి." తెర మీద వరసగా దాలినాయుడు, దాలినాయుడు, దాలినాయుడు.

బడిలో హాజరు తెలుసు కదా, అలా అనుకోండి. మామూలు పెట్టె తన పేరు తానే చెప్పుకుంటుంది, ఫోను విని పలుకుతుంది. పేరు దాచామా, పెట్టె నోరు మూసుకుంటుంది. అప్పుడు పాపం ఫోనే ఎక్కడికెళ్తే అక్కడ ఆ పేరు పెట్టి పిలుస్తుంది, ఉన్నావా ఉన్నావా అని. వినే సాధనం ఉన్నవాడికి ఆ పిలుపు వినపడుతుంది. పేరు తెలిశాక ఊరందరికీ తెలిసిన తాళం వాడికి మాత్రం తెలీదా? ఒకడికి తెలిస్తే పదిమందికి తెలిసినట్టే. "మీ పెట్టె మీద ఇప్పుడు పదకొండు ఫోన్లు తగులుకున్నాయమ్మా" అంది ఝాన్సీ. "పేరు దాస్తే అడిగి వాడుకునేవాళ్ళే పోతారు, అడగనివాళ్ళు పోరు."

పైడమ్మ ఆ పదకొండూ పట్టించుకోలేదు. "సంతలో కూడా పిలిచిందా?" అంది. "పిలిచే ఉంటుందమ్మా." "బస్సులో?" "ఆఁ." "ఆస్పత్రిలో?" "ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ." ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూస్తూ కూచుంది.  తాళం పొడుగ్గా, ఎవరూ ఊహించలేనిదిగా మారుద్దాం, భద్రం అందులోనే ఉంది, పేరు మళ్ళీ బయటికి కనపడేలా పెట్టేద్దాం అంది ఝాన్సీ. "అయితే ఇక ఫోను పిలవదా?" "అక్కర్లేదమ్మా. పెట్టె తానే చెప్పుకుంటుంది. కొత్త పేరేమైనా పెట్టమంటారా?"

పైడమ్మ చెయ్యి అలవాటుగా సంచిలోకి పోయింది. కార్డు తగిలింది. తియ్యలేదు. "అదే ఉంచు" అంది. సంచిలోంచి చెయ్యి తీసి, "దాలినాయుడు" అంది. ఆ పిల్లకేం తెలుసు, టకటకా కొట్టేసుకుంది.

ఇప్పుడు సూరప్పడు మళ్ళీ వస్తున్నాడు. తాళం మాత్రం నోటితో చెప్పదు పైడమ్మ, ఫోను తీసుకుని తన చేత్తోనే కొట్టి ఇస్తుంది. ఎన్నిసార్లడిగినా నాకూ చెప్పలేదు. చెప్పకూడదు కూడాను, తాళమంటే అదే కదా. ఎడ్ల పేర్లు మాత్రం కావనుకోండి. ఫోనేమో ఇప్పుడు సంతకెళ్ళినా నోరు మూసుకునే ఉంటుంది. అందుకని, ముసలాయన వెళ్ళిపోయి అరుగు ఖాళీ అయ్యాక, ఆ పెట్టెకేసి చూసి ఆవిడే ఒకసారి పిలుస్తుందంట. అప్పుడు పెట్టె మీద పచ్చదీపం మిణుకుమంటుందంట. ఏ పెట్టె మీదైనా అది ఊరికే మిణుకుమంటుందిలెండి. ఆవిడకీ తెలుసు.