దాపల సీటు

గురవయ్య కోడెలకి కాడి నేర్పేవాడు. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవరి కోడె తిరగబడినా, కాడి విదిలించుకుని చేలల్లో పడి పరిగెత్తినా, దాన్ని నలుగురు పట్టుకొచ్చి ఈయన దొడ్లో కట్టేసి పొయ్యేవాళ్ళంట. ఈయన దాన్ని కొట్టడు, తిట్టడు. ఏం చేసేవాడంటే, ఆయనకో ముసలెద్దు ఉంది అనుకో, బూడిదరంగుది, ఆ ముసలెద్దు పక్కన ఈ కోడెని కట్టేవాడు. కోడె వలపల, ముసలెద్దు దాపల. వలపలంటే కుడి, దాపలంటే ఎడమ. మీలో కుర్రోళ్ళకి తెలవదు గదా, అందుకని చెప్తున్నా. వలపల ఎద్దు నాగటి చాల్లో నడవాలి, దాని మీద అందరి కళ్ళూ ఉంటాయి. దాపల ఎద్దుని ఎవరూ చూడరు. కానీ ఇక్కడ ఆగు, ఇక్కడ తిరుగు అని కోడెకి మెడతో చెప్పేది అదే. అట్టా ఎన్ని కోడెల్ని దారిలో పెట్టాడో ఆయనకే తెలవదు. సరే, ఎడ్లు పొయినాయి, ట్రాక్టర్లొచ్చినాయి. ఎడ్లకొట్టం ఖాళీగా ఉంటే గురవయ్యకి ఇంట్లో ఎవరో లేనట్టే ఉండేదంట. అప్పుడేం చేశాడు? పట్నం పొయ్యి కారు నేర్చుకుని, ఒక పాత నీలం కారు కొనుక్కొచ్చి ఆ కొట్టంలో కట్టేశాడు. కట్టేశాననే అనేవాడు, పెట్టాననేవాడు కాదు.

ఆ కారుకి ఊరోళ్ళు పాలపిట్ట అని పేరు పెట్టారు. ఊరంతటికీ అదొక్కటే కారు. బస్సు తారురోడ్డు మీదనించే పోద్ది, మన మట్టిబాట మొహం చూడదు. అందుకని పెళ్ళికూతురైనా, పురిటి మనిషైనా, జరమొచ్చిన పిల్లోడైనా, గురవయ్య గడపలోకి రావాల్సిందే. ఆయన తువ్వాలు తలకి చుట్టి వలపల సీట్లో కూచుంటే, అబ్బో, ఆ దర్జా వేరు. దారిలో గేదెలు గూడా ఆయన్ని చూసి పక్కకి జరిగేయి అనుకో. కానీ ఏ వస్తువుకైనా వయసు రాకుండా ఉంటదా? పాలపిట్టకి అడుగు రేకు తుప్పుపట్టి రాలిపొయింది. దాని మీద గోనెసంచి పరిచాడు. వానొస్తే నీళ్ళు పైనించి కాదు, కిందనించి వచ్చేవి. ఒక తలుపు తాడుతో కట్టుంటది, ఎక్కినోళ్ళు ఆ తాడు గట్టిగా పట్టుకు కూచోవాలి. పట్టుకోకపోతే తలుపు తెరుచుకుంటది, పట్టుకుంటే భుజం పీకుద్ది. ఇక దీపాలంటావా, అవి ఆరిపొయి చాలా కాలమైంది. "దీపాలు లెవ్వు, పొద్దుగూకినాక బండి తియ్యను" అనేవాడు గురవయ్య. అందరూ నిజమే గదా అనుకునేవాళ్ళు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. మీకు చెప్తున్నా, అప్పట్లో ఆయన పెళ్ళానికి గూడా తెలవదు. ఆయన కుడికంట్లో తెల్లటి పొర కమ్ముకుంటా వస్తంది. ఎడమకన్నూ దాని వెనకాలే బయల్దేరింది. పగలు ఎట్టనో గడిచిపోద్ది. పొద్దుగూకితే మాత్రం బాటా చేనూ ఒకటే. ఎదురొచ్చే బండి దీపం కంట్లో పడితే పిండి విసిరికొట్టినట్టుంటది. దీపాలు బాగు చేయించడం ఎంతసేపు? ఆయనే చేయించలా. దీపాలు వెలిగితే కళ్ళ సంగతి బయటపడుద్ది. బయటపడితే తువ్వాలు విప్పి మంచం మీద కూచోవాలి. ఆ మంచమంటే ఆయనకి భయం. ఊరంతా ఎదురుచూసే మనిషి, రేపటినించి వచ్చేపొయ్యే వాళ్ళని "ఎవర్రా అది" అని అడిగే మనిషి అయిపోతాడు. అదీ ఆయన భయం.

ఒకరోజు ఏమైందంటే, కాలవ మలుపులో పాలపిట్ట నిలబడిపొయింది. ట్రాక్టరుకి కట్టి పట్నం లాక్కుపోతే మెకానిక్కు మూత ఎత్తి చూసి, "పెద్దాయనా, దీంట్లో బాగు చెయ్యడానికి ఏం మిగల్లేదు, దణ్ణం పెట్టి వదిలెయ్" అన్నాడంట. కొడుకు వీరాంజనేయులు కోతమిషను మీద ఊళ్ళమ్మట తిరుగుతా ఉంటాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఫోను చేసి, "నాయనా, ఊరికి కారు లేకపోతే ఎట్టా? అమ్మకి మోకాళ్ళ నొప్పులాయె. మస్తాన్ని పిలవండి. నీకు ఏది నచ్చితే అదే కొందాం" అన్నాడు. నీకు ఏది నచ్చితే అదే అన్నాడు చూశావా, ఆ మాటతో గురవయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఏదీ నచ్చకపోతే సరిపాయె గదా!

మస్తాన్ వలీ పాతకార్ల బేరగాడు. వాళ్ళ నాయన ఎడ్ల బేరగాడు, గురవయ్యకి బాగా తెలిసినోడు. మస్తాన్ మొదట ఒక ఎర్రకారు తెచ్చాడు. గురవయ్య దాని చుట్టూ తిరిగాడు. వీపు మీద చరిచాడు. వంగి ముందు పళ్ళు చూశాడు. కారుకి పళ్ళేందయ్యా అంటే, ముందు జాలీ ఉంటది గదా, అదే అనుకో. "పొట్ట నేలకి ఆనతంది. మన బాటలో పేగులు బయటపడతయ్యి" అన్నాడు. నిజమేలే అనుకున్నారు. రెండోసారి నల్లది, ఎత్తుది తెచ్చాడు. "ఇంత ఎత్తు మా అంకమ్మ ఎట్టా ఎక్కుద్ది?" అన్నాడు. అంకమ్మ ఆయన భార్య. ఆ మాట పూర్తయ్యేలోపలే ఆమె కొంగు బిగించి ఎక్కి కూచుంది. "ఏవయ్యో, ఎక్కాను, చూడు! ఇంకేం వంక ఉందో చెప్పు" అంది. "నలుపు. ఎండకి కుండలాగా కాల్తది." "నేను నలుపు కాదా? కాల్తన్నానా?" ఊరోళ్ళు పగలబడి నవ్వారంట. మస్తాను, "బాబాయ్, ఒక్కసారి తోలి చూడు, అప్పుడు చెప్పు" అని తాళంచెవి ఇవ్వబొయ్యాడు. పొద్దు చూస్తే తాటిచెట్ల కిందకి దిగింది. గురవయ్య చెయ్యి వెనక్కి లాక్కుని, "ఇయ్యాల మంగళవారం, కొత్త బండి మీద చెయ్యెయ్యను" అన్నాడు. మస్తాను గొణుక్కుంటా పొయ్యాడు.

ఆ సందెవేళే ఇంకోటి జరిగింది. గురవయ్య దొడ్లోకి పోతంటే దణ్ణెం దగ్గర ఎవరో అడ్డంగా నిలబడి ఉన్నారు. "ఎవరమ్మా అక్కడ, దారికడ్డం? జరుగు" అన్నాడు. పలకలా. "నిన్నే! చెవుడా?" అని గదమాయించాడు. అది మనిషి కాదు, ఆరేసిన చీర. కోడలు మల్లీశ్వరి గేదెకి కుడితి పెడతా ఇదంతా చూసింది. ఇంకో కోడలైతే పకపకా నవ్వి ఊరంతా చాటేదే. ఈ పిల్ల ఏం చేసిందంటే, చప్పుడు కాకుండా వచ్చి, చీర లాగి భుజాన వేసుకుని, "నేనే మావయ్యా, జరుగుతున్నా" అంది. అంతే. ఎవరికీ చెప్పలా. ఇంకో సంగతి గూడా చెప్పాలి. మల్లీశ్వరి పుట్టింట్లో ట్రాక్టరు తోలిన పిల్ల. కొత్తకోడలిగా వచ్చినప్పుడు పాలపిట్టని ఒక్కసారి తోలతానంటే, "అది నా చెయ్యి తప్ప ఎరగదమ్మాయ్" అన్నాడంట ఈయన. మళ్ళీ అడగలా.

మస్తాను మొండోడు. ఈసారి ఒక తెల్లకారు తెచ్చాడు, చిన్నది, నేలకి తగినంత ఎత్తుంది, బాగుంది. అంకమ్మకి నచ్చింది, అందరికీ నచ్చింది. గురవయ్య చుట్టూ తిరిగి తిరిగి, ముందు రేకు మీద ఎడంపక్క చిన్న సొట్ట పట్టుకున్నాడు. "ఇదిగో, సుడి! ఇది ఇల్లు ముంచే సుడి. వద్దు" అన్నాడు. ఎడ్లకి ఒంటి మీద వెంట్రుకల సుడి ఎక్కడుందో చూసి మంచీ చెడూ చెప్పేవాళ్ళు గదా, అదన్నమాట. మస్తాను నవ్వీ నవ్వీ కింద కూచుండిపొయ్యాడు. "బాబాయ్, ఆ సుడి మాటలన్నీ మా నాయన కల్పించినవే. పక్క బేరగాడి ఎద్దుని కొననీకుండా చెయ్యడానికి చెప్పేవాడు. నా ముందే చెప్తావా?" అన్నాడు. తర్వాత లేచి దుమ్ము దులుపుకుని, "సరే, ఎద్దుని కొనేముందు ఏం చేస్తారు? కొనేవాడి దొడ్లో కట్టేసి చూస్తారు. మేత మేస్తదా, పొడుస్తదా అని. దీన్నీ కట్టేసి చూడు. నేను మళ్ళీ వస్తా" అని తాళంచెవి గూట్లో పెట్టి వెళ్ళిపొయ్యాడు. ఎడ్ల పద్ధతి చెప్పినాక గురవయ్య కాదని ఎట్టా అంటాడు? నోరు పడిపోలా!

తెల్లారి అంకమ్మ, "మోకాళ్ళు చూపిచ్చుకోవాలి, పద పట్నం" అంది. పగలే గదా అని బయల్దేరాడు. వలపల ఆయన, పక్కన మల్లీశ్వరి, వెనక అంకమ్మ. పోవడం దివ్యంగా పొయ్యారు. కారు వెన్నలాగా నడుస్తందంట, గురవయ్యకి లోపల ముచ్చటేస్తంది, పైకి మాత్రం మూతి ముడుచుకునే ఉన్నాడు. డాక్టరు దగ్గర జనం తిరణాలలాగా ఉన్నారు. చూపించుకుని, మందులు తీసుకుని బయటపడేసరికి పొద్దు వాలింది. గురవయ్య ఇద్దర్నీ గబగబా కారెక్కించాడు. తొందరతొందరగా తోలాడు. తారురోడ్డు దిగి మట్టిబాట ఎక్కి కాలవ వంతెన దగ్గరికి వచ్చేసరికి మసక కమ్మింది. ఎదురుగా ఎవరిదో ట్రాక్టరు, దాని దీపం వచ్చి మొహాన కొట్టింది. అంతా తెలుపు. బాటేదో కాలవేదో తెలవలా. గబుక్కున తొక్కి ఆపేశాడు. ట్రాక్టరు పక్కనించి పొయింది. ఈయన మాత్రం చక్రాన్ని రెండు చేతుల్తో బిగించి పట్టుకునే ఉన్నాడు.

"ఏంది ఆపావు?" అంది అంకమ్మ వెనకనించి. "ఇంజను వేడెక్కింది." "దీనికి అప్పుడే వేడేంది?" "నీకు తెలుసా, నాకు తెలుసా?" అని కసిరాడు. మల్లీశ్వరి ఆయన చేతుల వంక చూసింది. చూసి మొహం తిప్పుకుని, "అవును మావయ్యా, వేడిగానే ఉన్నట్టుంది. చల్లారిందాకా కూచుందాం. తెల్లారిందాకా అయినా సరే" అంది. "తెల్లారిందాకా కూచుంటే గేదెకి పాలెవరు పిండుతారే? అది దొడ్డి పగలగొట్టుద్ది!" అంది అంకమ్మ.  కాలవలో కప్పలు అరుస్తన్నయ్యి. ఆయన మనసులో ఏముందంటే, ఈ పిల్లకి తెలుసు. తెలిసే, నా పరువు కోసం రాత్రంతా ఈ బాట మీద దోమలు కుట్టించుకోడానికి సిద్ధపడింది. మెల్లగా అడిగాడంట: "అమ్మాయ్, ఆ రోజు దణ్ణెం దగ్గర నిలబడింది నువ్వేనా?" "నా చీర మావయ్యా" అంది. "నేను గదమాయించింది?" "చీరనే." "మరి నువ్వెందుకు పలికావు?" "చీర పలకదు గదా మావయ్యా" అంది. గురవయ్యకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్ళనీళ్ళు గూడా వచ్చినయ్యి. వెనక అంకమ్మ, "ఏ చీర? ఎవరి చీర? నాకెవరూ ఏం చెప్పరేందర్రా ఈ ఇంట్లో!" అని ఒకటే గోల.

అప్పుడు గురవయ్య తలుపు తీసుకుని దిగాడు. ముందు రేకు తడుముకుంటా చుట్టూ తిరిగి వస్తన్నాడు. ఆ సొట్ట చేతికి తగిలింది. అక్కడ కాస్త ఆగాడు. ఏం గుర్తొచ్చిందో తెలుసుగా? ఆ బూడిదరంగు ముసలెద్దే. దాన్ని గూడా ఒకప్పుడు వలపలే కట్టేవాడు. వయసొచ్చినాక దాపలకి మార్చాడు. మారిస్తే అదేమన్నా అలిగిందా? మేత మానేసిందా? ఇంకా పెద్ద పనే చేసింది గదా! ఎడంపక్క తలుపు తీసి, "అటు జరుగమ్మాయ్. వలపల నువ్వు కూచో. దాపల నేనుంటా" అన్నాడు. మల్లీశ్వరి జరిగింది. అంకమ్మ వెనక సీటు రెండు చేతుల్తో పట్టుకుని దేవుళ్ళందర్నీ పిలిచింది. కారు కదిలింది. ఈ పిల్లకి బాట కనపడతది గానీ, బాట గుణం తెలవదు. ఈయనకి కనపడదు గానీ, ఆ బాట ఒళ్ళంతా తెలుసు. "చింతచెట్టు వచ్చిందా? వచ్చిందిగా, దాని పక్కన గొయ్యి ఉంటది, కుడికి పట్టు. హై, హై. ఇంక ఇసక, తొక్కమాకు, మెల్లగా పోనీ. ఇప్పుడు ఎవరి కుక్కో అడ్డం వచ్చుద్ది చూడు." "వచ్చింది మావయ్యా!" "నేను చెప్పలా?" అట్టా హై హై అనుకుంటా, ఒక్క కుదుపు లేకుండా ఇంటి ముందు ఆగారంట. వలపల కోడలు దిగటం, దాపల గురవయ్య దిగటం చూసి అరుగుల మీద వాళ్ళు నోళ్ళు తెరిచారు. "ఏం బాబాయ్, పక్కన కూచున్నావేంది?" అన్నాడొకడు. "కోడెకి కాడి నేర్పుతున్నాన్రా, కనపడటంలా?" అన్నాడు గురవయ్య. మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పరిగెత్తింది.

మస్తాను మళ్ళీ వచ్చి, "ఏం బాబాయ్, సుడి ఏం చేసింది?" అని అడిగాడు. "సుడి దాపలుంది, నేనూ దాపలే ఉంటా. మేమిద్దరం తేల్చుకుంటాంలే. బండి ఉంచు" అన్నాడు. అట్టా కొన్నారు ఆ కారు. తర్వాత మల్లీశ్వరే ఆ కార్లో తీసుకుపొయ్యి ఆయనకి కంటి ఆపరేషను చేయించింది. పొర పొయింది. ఇప్పుడు బాట మీద చీమ పోతన్నా ఆడదో మగదో చెప్తాడు అనుకో. "మావయ్యా, ఇక మీరు తోలండి" అని ఆ పిల్ల తాళంచెవి ఇయ్యబోతే, "దాపలకి అలవాటు పడ్డ ఎద్దుని మళ్ళీ మార్చగూడదమ్మాయ్" అన్నాడంట. అదంతా పైమాట. అసలు సంగతి, దాపల సీట్లో ఉంటే అరుగు అరుగునా పలకరించుకుంటా పోవచ్చు, ఒళ్ళో వేరుశెనక్కాయలు పోసుకుని తినొచ్చు. నేను మొన్న ఆ కార్లోనే వచ్చా. దారంతా ఆయన కుడికనటం, ఆ పిల్ల "నాకు కనపడతంది మావయ్యా" అనటం, చింతచెట్టు దగ్గర్నించి ఊరొచ్చిందాకా ఒకటే పోట్లాట. ఇద్దరిలో ఒక్కరు గూడా తగ్గరు. నన్నడిగితే, ఆ కార్లో హాయిగా ఉండేది వెనక సీట్లో అంకమ్మ పక్కనే. ఆమె దేవుళ్ళని పిలవడం మానేసింది. ఇప్పుడు నిద్రపోతంది.