ఇస్త్రీ బల్ల మీద కవిత

"ఇస్త్రీ బల్ల మీద కవిత్వమేంటి కిరణ్మయీ? హాస్పిటల్‌లో డ్యూటీకెళ్లాలి, నా షర్టు ముడతలు అలాగే ఉన్నాయి!"

"డైనింగ్ టేబుల్ నిండా పిల్లల పుస్తకాలేనండీ. ఇంకెక్కడ రాయను?"

డబ్లిన్‌లో ఎటు చూసినా క్రేన్లు లేచిన రోజులవి. కొత్తిల్లు కొన్నా ఈ గొడవ తీరలేదు.

"ఆ ఐర్లండ్ తొలి మహిళా ఆర్కిటెక్టు మీద ఇంకా ఎన్నాళ్లు రాస్తావు?"

"ముగింపు కుదరట్లేదు. అందరికీ ఇళ్లు గీసిన మనిషి, తనెక్కడ కూర్చుని గీసిందో?"

"ఎక్కడో కూర్చునుంటుందిలే!"

"నాకు రాసుకోను చోటే లేదు, దేవుడి పటాలకు మాత్రం అంత గదెందుకండీ?"

"ఈశాన్యం ఆయనదే. వాస్తు!"

రాత్రి అందరికీ పప్పు వడ్డిస్తూ కిరణ్మయి నెమ్మదిగా చెప్పింది.

"పిల్లలూ, రేపట్నుంచి దేవుడు వేణ్నీళ్ల ట్యాంకున్న హాట్ ప్రెస్ అల్మరాలో వెచ్చగా ఉంటాడు. ఆ ఈశాన్యం గది నాది. ఇస్త్రీ బల్ల మీ నాన్నది."